హార్మోనియం ఎవరిది? ఒక ఇత్తడి రేకు చుట్టూ ఇన్ని గొడవలెందుకు

2022 మే నెలలో సిక్కుల అత్యున్నత మత పీఠం అకాల్ తఖ్త్‌కి జథేదార్‌గా, అంటే పెద్దగా ఉన్న జ్ఞానీ హర్‌ప్రీత్ సింగ్ ఒక మాట చెప్పారు, అమృత్‌సర్ స్వర్ణ దేవాలయంలో కీర్తనలకి వాడుతున్న హార్మోనియాన్ని మూడేళ్లలో మెల్లిగా పక్కన పెట్టేసి పాత తంత్రీ వాయిద్యాలకి తిరిగి రావాలని. ఇది బ్రిటిష్ వాళ్ల కాలంలో వచ్చి చేరింది, సిక్కు గురువులు వాడింది కాదు అన్నది కారణం. దానికి 82 ఏళ్ల ముందు, 1940 మార్చిలో, ఆలిండియా రేడియో కూడా ఇదే పెట్టెని తన స్టూడియోల్లోంచి బయటికి పంపేసింది, ఇది భారతీయ సంగీతాన్ని చెడగొడుతోందని. ఇంకా వెనక్కి వెళ్తే 1865లో సియాం, అంటే ఇప్పటి థాయిలాండ్, దాని రాజు మోంగ్‌కుట్ లావో వాళ్లు ఊదే ఖేన్ అనే వెదురు వాయిద్యం తన రాజ్యంలో వాయించకూడదు అని ఆజ్ఞ వేశాడు, జనం అంతా దాని వెనక పడి సొంత సయామీ సంగీతాన్ని వదిలేస్తున్నారని ఆయన బాధ.

ఈ మూడింటికీ సంబంధం ఏంటి అంటే, ఖేన్ లోపల ఉండేదీ హార్మోనియం లోపల ఉండేదీ ఒకటే వస్తువు. ఒక చిన్న లోహపు రేకు, ఒక చివర బిగించి రెండో చివర వదిలేస్తారు, గాలి తగిలితే ఊగుతుంది, ఊగితే పలుకుతుంది. అంతే. ఇంత చిన్న దానికి ఒక చోట దేవుడి గొంతు అని పేరొచ్చింది, ఇంకో చోట సానివాడల పాట అని, మరో చోట విప్లవం అని, వేరొక చోట పరాయి వాడి పెత్తనం అని. వాయిద్యానికి అర్థం పుట్టిన చోట రాదు, ఎవరి చేతిలో పడింది, ఏ పనికి వాడారు అన్న దగ్గర వస్తుంది అని నాకు గట్టిగా అనిపిస్తుంది, ఈ రేకు ప్రయాణం చూస్తే అది చాలా స్పష్టంగా కనిపిస్తుంది కూడా.

ముందు లోపల ఏముందో చూద్దాం, ఎందుకంటే గొడవల్లో సగం అక్కడే మొదలవుతాయి. హార్మోనియం పైమూత, మెట్లు తీసేస్తే కింద చెక్క మీద వరసగా ఇత్తడి పలకలు బిగించి ఉంటాయి, ఒక్కో పలకకి సన్నటి సందు, ఆ సందు మీద దాదాపు అంతే కొలతలో ఒక నాలుక, దాని మొదట్లో రివెట్ కొట్టి ఉంటుంది. మనం మెట్టు నొక్కితే ఆ సందు కిందికి గాలి దారి తెరుచుకుంటుంది. శ్రుతి చేసేవాళ్లు చేసేది ఏంటంటే, నాలుక కొసని ఆకురాయితో కాస్త గీకితే బరువు తగ్గి స్వరం పైకి వెళ్తుంది, మొదట్లో గీకితే బిగువు తగ్గి స్వరం కిందికి దిగుతుంది. చాలా ఓపిక పని అది, కొంచెం ఎక్కువ గీకితే మళ్లీ రెండో వైపు గీక్కుంటూ రావాలి. కానీ ఒకసారి కుదిరాక నెలల తరబడి అలాగే ఉంటుంది, వాన పడినా ఎండ కాసినా వీణలాగా సారంగిలాగా ప్రతి పాటకీ బిరడాలు తిప్పుకోనక్కర్లేదు. ఈ స్థిరత్వమే దాని బలం, దాని మీద ఉన్న పెద్ద ఫిర్యాదు కూడా ఇదే.

ఈ రేకు ఆలోచన తూర్పు ఆసియాది. చైనాలో షెంగ్ అనే వాయిద్యం వేల ఏళ్లుగా ఉంది, కన్ఫ్యూషియన్ గుడుల్లో పూజా సంగీతంలో దానికి గౌరవమైన స్థానం ఉంది. 18వ శతాబ్దంలో అది యూరప్ వాళ్ల కంట పడింది, ఆ తర్వాత వంద ఏళ్లు తిరక్కుండానే అక్కడ ఈ రేకుతో రకరకాల పెట్టెలు తయారయ్యాయి. 1829లో వియన్నాలో సిరిల్ డెమియన్ అకార్డియన్‌కి పేటెంట్ తీసుకున్నాడు, 1842లో పారిస్‌లో అలెగ్జాండర్ డెబైన్ హార్మోనియం పేరుతో పేటెంట్ తీసుకున్నాడు, అదే దశాబ్దంలో జర్మనీలోని క్రేఫెల్డ్‌లో హైన్రిక్ బాండ్ అనే సంగీతం మాస్టారు బాండోనియన్ అమ్మడం మొదలెట్టాడు. వీటిలో హార్మోనియానిది బుద్ధిమంతుడి పాత్ర. పెద్ద చర్చిల్లో ఉండే పైప్ ఆర్గాన్ కొనడం చిన్న ఊరి చర్చి వల్ల అయ్యే పని కాదు, దానికి బదులు ఇది, కాళ్లతో తొక్కుతూ వాయించడం. మధ్యతరగతి ఇళ్ల ముందుగదుల్లో కూడా ఉండేది, ఆదివారం కుటుంబం మొత్తం చుట్టూ నిలబడి స్తోత్రాలు పాడుకునేవాళ్లు. మిషనరీలు దాన్ని ఓడల్లో వేసుకుని వలస దేశాలన్నిటికీ మోసుకెళ్లారు.

మన దేశంలోకీ అలాగే దిగింది, కానీ ఇక్కడ మనవాళ్లు దాన్ని ఉన్నది ఉన్నట్టుగా ఉంచలేదు. కలకత్తాలో 1875లో ద్వార్కిన్ కంపెనీ పెట్టిన ద్వారకానాథ్ ఘోష్ పేరు ఇక్కడ తప్పకుండా చెప్పాలి. మనవాళ్లు కింద కూర్చుని పాడతారు, కుర్చీలో కూర్చుని కాళ్లతో తొక్కే యంత్రం ఎవరికి కావాలి? ఆయన తొక్కుడు బల్ల మొత్తం తీసేసి గాలితిత్తిని వెనక్కి మార్చాడు, ఒక చేత్తో గాలి కొట్టుకుంటూ రెండో చేత్తో వాయించుకునేలా. యూరప్‌లో రెండు చేతులతో వాయించేది ఇక్కడ ఒంటిచేతి వాయిద్యం అయింది, అందులో పోయేది ఏమీ లేదు, మన సంగీతంలో కార్డులు, అంటే ఒకేసారి కొన్ని స్వరాలు కలిపి వాయించే పనే లేదు కదా, ఒక్క రాగం వరస పలికితే చాలు. తర్వాత శ్రుతి కోసం ప్రత్యేకంగా స్టాపులు కలిపారు, బయటికి లాగితే సా, పా మోగుతూ ఉంటాయి, ఆ తర్వాత గాయకుడి గొంతుని బట్టి మెట్లన్నీ పక్కకి జరిపే స్కేల్ చేంజర్ కూడా వచ్చింది. ఇన్ని మార్పులు అయ్యేసరికి పారిస్ పెట్టెకీ కలకత్తా పెట్టెకీ పోలిక చాలా తక్కువే మిగిలింది.

దీన్ని జనంలోకి తీసుకెళ్లింది నాటకాలవాళ్లు. పార్సీ థియేటర్, మరాఠీ సంగీత నాటకాలు, మన పద్యనాటకాలు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన సురభి నాటక సమాజాలు కానీ, ఆ తర్వాత ఊరూరా తిరిగిన కంపెనీలు కానీ, హార్మోనియం లేకుండా ఆ పద్యాలని ఊహించుకోవడం కష్టం. మైకులు లేని రోజులు అవి, ఆఖరి వరసలో కూర్చున్నవాడికి కూడా వినపడాలి, వీణ నాదం అంత దూరం పోదు, హార్మోనియం పోతుంది. పద్యానికి తాళం ఉండదు, నటుడు ఎక్కడ ఆగుతాడో ఎక్కడ పొడిగిస్తాడో ముందే తెలీదు, చివరి పాదం అయ్యాక రాగం ఎత్తుకుంటే అది ఎంతసేపు సాగుతుందో జనం ఊపుని బట్టి ఉంటుంది. హార్మోనిస్టు అతని ఊపిరిని గమనిస్తూ ఉండాలి, వాడు గాలి పీల్చుకునే ఆ చిన్న ఖాళీలో అదే సంగతి వాయించి అందించాలి, స్వరం తగ్గిపోతుంటే గట్టిగా శ్రుతి పట్టి నిలబెట్టాలి, జనం వన్స్ మోర్ అని అరిస్తే మళ్లీ మొదటికి లాక్కెళ్లాలి. నా దృష్టిలో ఆ హార్మోనిస్టు పక్క వాయిద్యగాడు కాదు, నాటకంలో కనపడని ఇంకో పాత్ర. ఈ మాట ఎందుకు చెప్తున్నాను అంటే, రేడియో వాళ్లు నిషేధించేటప్పటికి ఈ దేశంలో హార్మోనియం పరాయిది కాదు, పామరజనం పాటకి అప్పటికే అదే ఊతం.

ఇప్పుడు ఆ నిషేధం దగ్గరికి వద్దాం. అప్పట్లో ఆలిండియా రేడియోకి కంట్రోలర్ లయనెల్ ఫీల్డెన్, బీబీసీ నుంచి వచ్చిన ఇంగ్లీషాయన. ఢిల్లీ స్టేషన్‌లో పాశ్చాత్య సంగీత విభాగం చూసిన జాన్ ఫౌల్డ్స్ కూడా ఇంగ్లీష్ స్వరకర్తే, హార్మోనియానికి వ్యతిరేకంగా 1938లో గట్టి వ్యాసం రాశాడు. అటు వైపు రవీంద్రనాథ్ ఠాగూర్, 1940 జనవరిలో కలకత్తా రేడియోకి ఉత్తరం రాసి ఈ వాయిద్యం వద్దని సపోర్ట్ చేశారు. అంతకు చాలా ముందే కళా చరిత్రకారుడు ఆనంద కుమారస్వామి స్వదేశీ ఉద్యమం రోజుల్లో గ్రామఫోన్‌నీ హార్మోనియాన్నీ కలిపి తిట్టారు. అంటే పాలించే దేశం వాళ్లు, స్వదేశీ కళని కాపాడాలనుకునే వాళ్లు, ఇద్దరూ ఒకే మాట మీద నిలబడ్డారన్నమాట. ఇది వింతగా అనిపిస్తుంది కానీ ఆలోచిస్తే అర్థం అవుతుంది, ఇద్దరి మనసులోనూ ఒకటే బొమ్మ ఉంది, బయటి గాలి తగలని స్వచ్ఛమైన భారతీయ సంగీతం అనే బొమ్మ. వాళ్లకి వాళ్ల ఇంటి యంత్రం ఇక్కడ కనపడటం ఇష్టం లేదు, వీళ్లకి వాళ్ల యంత్రం మన ఇంట్లో ఉండటం ఇష్టం లేదు.

అలాగని వాళ్ల వాదన ఉత్త సెంటిమెంట్ అని కొట్టిపారేయకూడదు, అందులో సాంకేతికమైన నిజం ఉంది. హార్మోనియం మెట్లు 12 సమాన భాగాలుగా చేసిన స్వరాలు, పియానో లెక్క. బాగా శ్రుతి చేసిన తంబూరా మీటి చెవి పెట్టి వింటే మంద్ర షడ్జం (కింది సా) తీగలోంచి దానంతట అదే ఒక అంతర గాంధారం (గ స్వరం) పైకి లేస్తుంది, ఎవరూ వాయించకుండానే. హార్మోనియం గాంధారం ఆ తంబూరా గాంధారం కన్నా సుమారు ఒక అరస్వరంలో ఏడో వంతు ఎక్కువ ఉంటుంది. వినడానికి చిన్న తేడా, కానీ రెండూ ఒకేసారి మోగితే సున్నితమైన చెవికి గుచ్చుకుంటుంది. ఇంకో పెద్ద ఇబ్బంది గమకం, అంటే స్వరాన్ని ఊపుతూ పలకడం. తోడి రాగంలో గాంధారం ఒక చోట కూర్చునే స్వరం కాదు, అటూ ఇటూ ఊగుతూ ఉండటమే దాని స్వరూపం, ఆ ఊపు తీసేస్తే తోడి తోడిలా ఉండదు. మెట్ల మీద ఆ ఊపు రాదు. మంచి వాద్యకారులు వేగంగా స్వరాలు తాకిస్తూ భ్రమ కల్పిస్తారు కానీ అది భ్రమే. కర్ణాటక కచేరీలో హార్మోనియం పక్కవాద్యంగా ఎందుకు నిలబడలేదో దీంతో అర్థం అవుతుంది. శ్రుతి సమస్యకి మాత్రం పరిష్కారాలు వచ్చాయి, సమాన స్వరాలు వదిలేసి సహజ శ్రుతిలో గీకించుకునే వాళ్లున్నారు, మహారాష్ట్రకి చెందిన విద్యాధర్ ఓక్ 22 శ్రుతులు (సన్నటి స్వర భేదాలు) పలికే హార్మోనియం కూడా తయారు చేయించారు.

కానీ పరాయిది అనే వాదన మాత్రం నిలబడదు. వయొలిన్ కూడా ఓడ ఎక్కి వచ్చిందే. ముత్తుస్వామి దీక్షితార్ తమ్ముడు బాలుస్వామి దీక్షితార్ రోజుల నుంచి అది మన కచేరీలో కూర్చుంది, మన ద్వారం వెంకటస్వామి నాయుడు గారి చేతిలో అది విదేశీ వాయిద్యం అని ఎవరికైనా గుర్తొచ్చిందా? దానికి గమకం వచ్చు కాబట్టి పుట్టిన ఊరు ఎవరూ అడగలేదు. అంటే దేశం పేరు చెప్పి మొదలెట్టిన తగాదా నిజానికి స్వరం తగాదా, దాని అడుగున ఇంకో తగాదా కూడా ఉంది, అది మర్యాద తగాదా.

ఉత్తరాదిలో గాత్రానికి పక్కవాద్యం అంటే సారంగి. మనిషి గొంతుకి అంత దగ్గరగా వచ్చే వాయిద్యం ఇంకోటి లేదంటారు, అతిశయోక్తి కాదు. కానీ సారంగి తవాయిఫుల, అంటే ఆటపాటలే వృత్తిగా ఉన్న సానుల ఇళ్లలో పెరిగింది, వాయించేది వంశపారంపర్యంగా వచ్చిన ముస్లిం కుటుంబాలు. 19వ శతాబ్దం చివర్లో ఆ ఆడవాళ్ల మీద సంఘ సంస్కర్తలు విరుచుకుపడినప్పుడు సారంగికి కూడా ఆ మచ్చ అంటింది. కొత్తగా సంగీతం నేర్చుకోవాలనుకున్న మధ్యతరగతి హిందూ ఇళ్లకి సారంగి ఇంట్లో పెట్టుకోవడం నామోషీ. హార్మోనియానికి ఇక్కడ కులం లేదు, గతం లేదు, నేర్చుకోవడానికి ఏళ్లు పట్టదు. ఒకప్పుడు చర్చి నుంచి వచ్చిన ఆ శుభ్రమైన పేరు ఇక్కడ వేరే రకంగా పనికొచ్చింది. హార్మోనియం సారంగిని ఓడించింది స్వరంలో కాదు, పరువులో. ఇది నాకు బాధ కలిగించే విషయం, ఎందుకంటే అక్కడ ఓడిపోయింది వాయిద్యం ఒక్కటే కాదు, దాన్ని పట్టుకున్న మనుషులు కూడా.

నిషేధం 1971 దాకా సాగింది, అప్పుడు కూడా పేరున్న కళాకారులకి పక్కవాద్యంగా మాత్రమే ఒప్పుకున్నారు, సోలోకి దారి తెరవడానికి ఇంకా టైమ్ పట్టింది. ఈలోపు రేడియో బయట ఏం జరిగిందో చూడండి, ఠాగూర్ వద్దన్న వాయిద్యమే బెంగాల్లో ఇంటింటా ఆడపిల్లలు ఠాగూర్ పాటలు నేర్చుకునే పెట్టె అయి కూర్చుంది. శాంతినికేతన్‌లో కమానుతో వాయించే ఎస్రాజ్ పట్టుకున్నారు, కానీ ఇళ్లలో ఎస్రాజ్ ఎవరికి దొరుకుతుంది?

ఖవ్వాలీలో ఇంకో అర్థం. అక్కడ హార్మోనియం లేకపోతే పాట లేవదు. ఇద్దరు హార్మోనియం పట్టుకుంటారు, చుట్టూ చప్పట్లు, ఒక వాక్యాన్ని పట్టుకుని పదేసి సార్లు తిప్పుతూ వినేవాడిని మైమరపు దాకా తీసుకెళ్లడం. ఆ మైమరపు మధ్యలో ఎక్కడ శ్రుతి సరిచేయాల్సి వచ్చినా ఊపు తెగిపోతుంది, అందుకే అస్తమానం బిరడాలు తిప్పే సారంగి పోయి ఇది నిలబడింది. దర్గా గుమ్మంలో ఇది చర్చి వాయిద్యం అని ఎవరికీ పట్టదు. రేడియో వాళ్లు లోపం అన్న అదే స్థిరత్వం ఇక్కడ దీవెన.

ఇక స్వర్ణ దేవాలయం విషయం. గురునానక్ వెంట నడిచిన భాయీ మర్దానా చేతిలో రబాబ్ అనే తంత్రీ వాయిద్యం ఉండేది, ఆయన పుట్టుకతో ముస్లిం. గురు గ్రంథ్ సాహిబ్‌లో పాటలు 31 రాగాల కింద కూర్చి ఉంటాయి, రాగాలంటే జారుడు కావాలి, తంత్రీ వాయిద్యం కావాలి అనే వాదన చాలా సబబైనది. కానీ రబాబ్ ఎందుకు మాయమైంది అంటే తప్పంతా హార్మోనియం మీద వేయడం అన్యాయం. మర్దానా పరంపర అని చెప్పుకునే ముస్లిం రబాబీలు 1947 దాకా అదే గుడిలో కీర్తన పాడేవాళ్లు, విభజన వచ్చి వాళ్లు సరిహద్దు దాటి వెళ్లిపోయారు. నేర్పే వాళ్లే లేకపోతే వాయిద్యం ఎలా మిగులుతుంది? మరోపక్క ప్రపంచమంతా చిన్న చిన్న గురుద్వారాల్లో రెండు హార్మోనియాలు, ఒక తబలా, ఇంతే రాగీ జథా, అంటే కీర్తన పాడే బృందం. వాళ్లకి రబాబ్, తావూస్ లాంటి తంత్రీ వాయిద్యాలు తిరిగి ఇవ్వాలంటే ఆజ్ఞ చాలదు, తరం మొత్తం నేర్చుకోవాలి. తంత్రీ వాయిద్యాలు తిరిగి రావాలని నేను కూడా మనస్ఫూర్తిగా కోరుకుంటాను, కానీ దానికి హార్మోనియాన్ని దొంగలా నిలబెట్టక్కర్లేదు.

ఈ గొడవ మన దగ్గరే అనుకోకండి, ఇదే రేకుతో పుట్టిన హార్మోనియం అన్నదమ్ముల కథలు కూడా ఇలాంటివే. బాండోనియన్ జర్మనీలో బుద్ధిగా పుట్టింది, ఆర్గాన్ లేని చోట ప్రార్థన పాటలకి కూడా పనికొచ్చేది. 19వ శతాబ్దం చివర్లో వలస వెళ్లినవాళ్లతో అర్జెంటీనా చేరింది. బ్వేనస్ ఐరెస్ రేవు పక్క పేటల్లో, సారా కొట్లలో, వేశ్యా గృహాల్లో టాంగో పుడుతున్న టైమ్ అది, బాండోనియన్ వెళ్లి దాని గొంతు అయింది. అక్కడి పెద్దింటి వాళ్లు ఆ పాటని చీదరించుకున్నారు, 1913 ప్రాంతంలో పారిస్ టాంగో అంటే పిచ్చెత్తిపోయాక వాళ్లూ మెచ్చుకోవడం మొదలెట్టారు. ఆ వాయిద్యం చాలా మొండిది, 71 బటన్లు, తిత్తి తెరిస్తే ఒక స్వరం, మూస్తే అదే బటన్‌కి ఇంకో స్వరం, మొత్తం 142. ఇంటిని వదిలి ఒంటరిగా వచ్చిన మగవాళ్ల దిగులు దానిలో పలికినట్టు ఇంకెందులోనూ పలకలేదు. జర్మనీలో దాన్ని చేసిన ఆల్ఫ్రెడ్ ఆర్నాల్డ్ ఫ్యాక్టరీ రెండో ప్రపంచ యుద్ధం తర్వాత తూర్పు జర్మనీ ప్రభుత్వం చేతిలోకి పోయింది, తయారీ ఆగిపోయింది. ఇప్పుడు పరిస్థితి ఎలా ఉందంటే పాత బాండోనియన్లు దేశం దాటి పోకుండా 2009లో అర్జెంటీనా చట్టం చేసుకుంది, పేరున్న బాండోనియన్ వాద్యకారుడు అనీబల్ త్రోయిలో పుట్టిన జూలై 11ని బాండోనియన్ దినంగా జరుపుకుంటుంది. జర్మన్ పెట్టె అర్జెంటీనా వారసత్వ సంపద. అక్కడ ఎవరూ దాన్ని పరాయిది అనరు, అంటే ఊరుకోరు కూడా.

కొలంబియాలో అకార్డియన్‌ది ఇంకో కథ, ఫ్రాన్సిస్కో ఎల్ హోంబ్రే అనే ఆయన సైతాన్‌తో అకార్డియన్ పోటీ పడి గెలిచాడని అక్కడ చెప్పుకుంటారు, 1968 నుంచి వయ్యెదుపార్‌లో దాని మీద పెద్ద ఉత్సవమే జరుగుతోంది.

చైనా సంగతి మాత్రం వదిలేయలేను. అక్కడ పుట్టిన రేకు యూరప్ తిరిగి, అకార్డియన్ వేషం వేసుకుని, రష్యా దారిలో మళ్లీ చైనా చేరింది. 1949 తర్వాత ప్రచార బృందాలు పొలాలకీ ఫ్యాక్టరీలకీ భుజాన వేసుకెళ్లింది దాన్నే. సాంస్కృతిక విప్లవం టైమ్‌లో పియానో ధనికుల వాయిద్యం అని తిట్లు తింది, అకార్డియన్ మాత్రం కార్మికుల వాయిద్యం అయింది. రెండూ యూరప్ నుంచి వచ్చినవే, రెండిటికీ మెట్లు ఒకలాగే ఉంటాయి, తేడా ఒక్కటే, ఒకటి ధనికుల హాల్లో కదలకుండా కూర్చుంటుంది, రెండోది మనిషి వీపు మీద పల్లెకి వెళ్తుంది.

ఇక మన హార్మోనియం సొంత గడ్డ మీద ఏమైంది? ఎలక్ట్రానిక్ ఆర్గాన్లు వచ్చాక 20వ శతాబ్దంలో యూరప్ చర్చిల్లో, ఇళ్లలో అది మూలపడింది. ఇప్పుడు అమెరికా, యూరప్ యోగా క్లాసుల్లో కీర్తన పాడేవాళ్లు దాన్ని ఒళ్లో పెట్టుకుంటున్నారు, అది భారతదేశపు ప్రాచీన ఆధ్యాత్మిక వాయిద్యం అనే నమ్మకంతో. వాళ్ల కోసం ఢిల్లీలో, కోల్‌కతాలో తయారై ఎగుమతి అవుతోంది. ప్రాచీనం అన్న మాట తప్పే, కానీ భారతదేశపు అన్న మాటని నేను తప్పు పట్టలేను. వెనక తిత్తి, ముందు శ్రుతి స్టాపులు, కింద కూర్చుని ఒంటిచేత్తో వాయించే ఆ పద్ధతి, వీటిలో ఏదీ పారిస్‌లో చేసింది కాదు.